పోర్ట్‌ఫోలియోలో పిల్లలేరీ?

పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయాలన్న కోరికతో ప్రచురణకర్త దగ్గరికో, ఎడిటర్ల రివ్యూకో వెళ్లే యువ చిత్రకారుల పోర్ట్‌ఫోలియోల్లో సాధారణంగా ఏముంటాయి? పెన్సిల్‌తో వేసిన ముసలాయన ముఖం, రాగి చెంబూ పండ్లూ పెట్టి వేసిన స్టిల్ లైఫ్, వాటర్ కలర్ చార్మినార్, ఒక సినిమా నటుడి పోలిక, ఒక వినాయకుడు, కంప్యూటర్ మీద చేసిన రెండు మూడు పోస్టర్లు. దేనికది చూస్తే చేతి పనితనం మెచ్చుకోదగ్గదే. కానీ వాటిని తిరగేస్తున్న ఎడిటర్‌కు కావలసిన జవాబు వేరే ఉంటుంది. ఈ చిత్రకారుల చేతికి ఒక కథ ఇస్తే, అందులోని ఏడేళ్ల పిల్లను మొదటి పేజీ నుంచి పదహారో పేజీ దాకా నడిపించగలరా అన్నది ఆ ఎడిటర్ తేల్చుకోవాలి. పై బొమ్మలు ఆ సంగతి చెప్పవు. అసలు చాలా పోర్ట్‌ఫోలియోల్లో పిల్లలే ఉండరు. ఉన్నా ఫొటో స్టూడియోలో నిలబెట్టినట్టు ఎదురుగా చూస్తూ నవ్వుతుంటారు. చుట్టుపక్కల పిల్లల్ని గమనించి, ఒక కథను బొమ్మల్లో చెప్పగలనని రుజువు చేసేలా పోర్ట్‌ఫోలియో తయారు కావాలన్నది ఈ వ్యాసం వాదన. ఆ తయారీలో తోడు నిలవాల్సిన బాధ్యత మన విశ్వవిద్యాలయాలకూ ప్రచురణ సంస్థలకూ ఉంది.

ఈ మాట చెప్పడానికి హైదరాబాద్‌లో తార్నాక, ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం కంటే తగిన చోటు లేదు. పిల్లల పుస్తకాల కోసమే పనిచేస్తున్న 'మంచి పుస్తకం' ట్రస్టు తార్నాక చిరునామాతోనే ఉంది. సోవియట్ కాలపు పిల్లల పుస్తకాలను మళ్లీ అచ్చువేసింది, కొత్త తెలుగు కథలకు బొమ్మలు వేయించింది, ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా)తో కలిసి బొమ్మల కథల పుస్తకాల పోటీలు కూడా నిర్వహించింది. 1985లో మొదలై ఉస్మానియా ప్రాంగణంలో చాలాకాలం పనిచేసిన 'అన్వేషి' స్త్రీల అధ్యయన కేంద్రం, పిల్లల పుస్తకాల్లో ఏ పిల్లలు కనిపిస్తున్నారు, ఏ పిల్లలు కనిపించడం లేదు అన్న ప్రశ్నను గట్టిగా లేవనెత్తింది. పక్కనే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో సాహిత్యం చదివే విద్యార్థులున్నారు. బొమ్మలు నేర్చుకునేవాళ్లు మాత్రం నగరానికి మరోవైపున మాసాబ్‌ట్యాంక్‌లోని లలితకళల కళాశాలలోనూ, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంటారు. కథలు రాసేవాళ్లు, పుస్తకాలు వేసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు ఒకే నగరంలో ఉండి కూడా ఏడాదికి ఒక్కసారైనా ఒక బల్ల చుట్టూ కూర్చునే ఏర్పాటు స్థిరపడలేదు. పోర్ట్‌ఫోలియోలు దారితప్పడానికి మొదటి కారణం ఇదే. ఏం చూపించాలో చెప్పేవాళ్లు లేనప్పుడు, పరీక్షకు ఏం వేశారో దాన్నే ఎవరైనా పట్టుకెళ్తారు.

గోడకు తగిలించే బొమ్మకూ పుస్తకంలో బొమ్మకూ ఉన్న తేడా వరసలో ఉంది. గోడమీది బొమ్మ ఒక్కటే నిలబడి తన సంగతంతా చెప్పుకోవాలి. పుస్తకంలో బొమ్మ కొంత చెప్పి, కొంత దాచి, పేజీ తిప్పించాలి. వెనకటి పేజీలో ఏడ్చిన పిల్ల ఈ పేజీలో వీపు తిప్పి నిలబడినా ఆమేనని మూడేళ్ల పాఠకుడు గుర్తుపట్టాలి. ఈ విద్య మనకు కొత్తది కాదు. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాల్లో కథ అంతస్తులు అంతస్తులుగా కిందికి దిగుతుంది. కథకుడు ఒక్కో ఘట్టాన్ని చూపిస్తూ చెబుతుంటే, దూరంగా కూర్చున్నవాళ్లు కూడా ఒంటి రంగునూ ఉడుపునూ బట్టి ఆ మనిషి ఎవరో పోల్చుకుంటారు. 1947లో మొదలైన చందమామ పత్రికలో 1952లో చేరిన చిత్రకారుడు శంకర్, శవాన్ని భుజాన వేసుకుని నడిచే విక్రమార్కుణ్ణి దశాబ్దాలపాటు మన కళ్లముందు నిలబెట్టారు. తెలుగు పిల్లలు కొన్ని తరాలుగా ఆ రాజును బొమ్మ చూసే గుర్తుపట్టారు. ఇటలీలోని బొలోన్యా నగరంలో 1964 నుంచి పిల్లల పుస్తకాల ప్రదర్శన జరుగుతోంది. అక్కడి చిత్రకారుల ఎంపికకు పంపాల్సింది ఐదు బొమ్మలు. అవి ఒకే కథకో ఒకే అంశానికో చెందిన వరసగా ఉండాలి. ఎక్కడెక్కడివో ఐదు మంచి బొమ్మలు ఏరి పంపితే సరిపోదు. చేర్యాల పటం ముందు కూర్చున్న రైతు కోరిందే బొలోన్యా న్యాయనిర్ణేతలూ కోరుతున్నారు.

కనుక పోర్ట్‌ఫోలియో తయారీ ఒక కథను ఎంచుకోవడంతో మొదలు కావాలి. అమ్మమ్మ చెప్పిన కథైనా, స్నేహితులు రాసిన కథైనా సరే, పదహారు పేజీల ఫారంలో ఇమిడేదిగా చూసుకోవాలి. ముందు కాగితాలు మడిచి చిన్న డమ్మీ చేసి, ఏ పేజీలో ఏం జరుగుతుందో గీతల్లో వేసుకోవాలి. అందులోంచి మూడు నాలుగు జంట పేజీలను అచ్చుకు సిద్ధమయ్యేలా పూర్తిచేయాలి. ముఖ్యమైన మొహాలూ చేతులూ పేజీల మడతలో పడకుండా చూసుకోవాలి. తెలుగు పుస్తకానికి వేస్తున్నామన్న ఎరుక కూడా ఉండాలి. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరసల మధ్య చోటు ఎక్కువ కావాలి. కొత్తగా చదవడం నేర్చుకునే పిల్లలకు అక్షరం పెద్దదిగానూ ఉండాలి. ఆ చోటు ముందే వదలకపోతే చివరికి అక్షరాలు బొమ్మ మీదకి ఎక్కి రెండూ పాడవుతాయి. ఆ తర్వాత కథలోని ముఖ్యమైన పిల్ల పరిగెత్తుతూ, అలిగి, నిద్రపోతూ, దొంగచాటుగా తింటూ, వెనక నుంచి ఎలా ఉంటుందో చూపే పేజీ ఒకటి ఉండాలి. తక్కువ ఖర్చు పుస్తకాలకూ పత్రికలకూ పనికొచ్చే నలుపు తెలుపు బొమ్మలు ఒకటి రెండు, గుంపు ఉన్న బొమ్మ ఒకటి, ఇంటి లోపలి బొమ్మ ఒకటి, జంతువులున్నది ఒకటి చేర్చాలి. చివర స్కెచ్ పుస్తకంలోని కొన్ని పేజీలు పెట్టాలి. అన్నీ కలిపి పన్నెండు నుంచి పదిహేను బొమ్మలు చాలు. బలహీనమైన బొమ్మ ఒక్కటి ఉన్నా పక్కనున్న మంచి బొమ్మ మీద నమ్మకం తగ్గుతుంది. నలభై బొమ్మలు పెట్టినవాళ్లకు తమ పనిలో ఏది మంచిదో తెలియదని చూసేవాళ్లు అనుకుంటారు.

ఈ పనికి ముడిసరుకు ఇంటర్నెట్‌లో దొరికే ఫొటోల్లో లేదు. తార్నాక చౌరస్తా నుంచి ఉస్మానియా ప్రాంగణం మీదుగా వడ్డెర బస్తీ అని పిలిచే మాణికేశ్వర్ నగర్ దాకా, ఇటు లాలాపేట, అడ్డగుట్ట దాకా ఒక్క సాయంత్రం నడిస్తే ఎన్ని రకాల బాల్యాలు కనిపిస్తాయో చూడండి. మెట్రో స్టేషన్ మెట్ల మీద తండ్రి వేలు పట్టుకుని ఒక్కో మెట్టుకూ రెండు పాదాలూ ఆనించి దిగే పాప, ఆర్ట్స్ కాలేజీ ముందు పెద్దవాళ్లు నడకకు వస్తే వెంట వచ్చి కుక్కపిల్లల వెంటపడే పిల్లలు, ఇడ్లీ బండి వెనక చిల్లర లెక్కపెడుతూనే హోంవర్క్ రాసుకునే అబ్బాయి, చెల్లెల్ని చంకనెత్తుకుని నడుము ఒక పక్కకు వంచి నిలబడే అక్క, ఆస్పత్రి బయట బెంచీ మీద నిద్రపోయిన పసివాడు. శరీర ప్రమాణాలు కూడా అక్కడే తెలుస్తాయి. పెద్దవాళ్ల ఎత్తు వాళ్ల తలకు ఏడు, ఏడున్నర రెట్లుంటే, మూడేళ్ల పిల్లల ఎత్తు ఐదు రెట్లే ఉంటుంది. ఈ లెక్క పట్టించుకోకపోతే పిల్లలు కుదించిన పెద్దవాళ్లలా కనబడతారు. అయితే లెక్క ఒక్కటే చాలదు. బరువైన స్కూలు బ్యాగు మోసే పిల్ల మెడ ఎంత ముందుకు వంగుతుందో, అబద్ధం చెప్పేటప్పుడు కాళ్లు ఏం చేస్తాయో నిలబడి చూసినవాళ్లకే తెలుస్తుంది. బుడుగును బాపు ఎన్ని తక్కువ గీతల్లో వేశారో గుర్తు చేసుకోండి. ఆ కొద్ది గీతల్లోనే ఆ పిల్లాడి పొగరూ, అమాయకత్వమూ, నిలబడే తీరూ ఉన్నాయి.

ఎవరిని గమనిస్తున్నామన్నది కూడా ముఖ్యమే. ఈ విషయంలో అన్వేషి 2008లో తెచ్చిన 'డిఫరెంట్ టేల్స్' పుస్తకాలు ప్రతి చిత్రకళా విద్యార్థీ చూడాల్సినవి. మహమ్మద్ ఖదీర్‌బాబు, గోగు శ్యామల, జూపాక సుభద్ర వంటి రచయితల కథలతో, దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల పిల్లల ఇళ్లూ బళ్లూ వంటలూ ఆ పుస్తకాల్లోకి వచ్చాయి. ఒక ముస్లిం ఇంట్లో తలకాయ కూర వండటం గురించిన ఖదీర్‌బాబు కథకు గులాం మొహమ్మద్ షేక్ అంతటి చిత్రకారుడు బొమ్మలు వేశారు. ఇలాంటి కథకు బొమ్మ వేయాలంటే 'భారతీయ కుటుంబం' అని ఎవరో ముందే గీసిపెట్టిన నమూనా పనికిరాదు. ఆ వంటిల్లు, ఆ గిన్నె, దాని చుట్టూ చేరిన మనుషులు ఎలా ఉంటారో తెలియాలి. అమెరికాలో విద్యావేత్త నాన్సీ లారిక్ 1965లో ఒక లెక్క బయటపెట్టారు. మూడేళ్లలో అక్కడ వెలువడిన 5,206 పిల్లల పుస్తకాలను పరిశీలిస్తే, నల్లజాతి మనిషి ఒక్కరైనా కనిపించినవి 349 మాత్రమే, అంటే 6.7 శాతం. తెలుగు పిల్లల పుస్తకాలను కూడా అలా వరసగా పేర్చి, ఎవరి ఇళ్లు కనిపిస్తున్నాయో లెక్కపెట్టే పని మన విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. అప్పటిదాకా ఆ ఖాళీలను పూరించే అవకాశం కొత్తగా వచ్చే పోర్ట్‌ఫోలియోలకు ఉంది.

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం, ముందు చెయ్యి తిరగాలి కదా అన్నది. శరీర నిర్మాణం, దూరదృశ్యం, వెలుగునీడలు రానివాళ్లు కథలెలా చెబుతారని లలితకళల ఉపాధ్యాయులు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. స్టిల్ లైఫ్ వేసి నేర్చుకున్నది ఎక్కడికీ పోదు. కథలోని వంటింటి అరమీద సీసాలు వేసేటప్పుడు అది అక్కరకొస్తుంది. అయితే నేర్చుకునే దశలో వేసిన అభ్యాసాన్నే తీసుకెళ్లి రివ్యూలో చూపించడం పొరపాటు. సంగీతం నేర్చుకున్నవాళ్లు సరళీ స్వరాలు సాధన చేస్తారు, కచేరీలో కీర్తన పాడతారు. పైగా బాపు చదివింది మద్రాసులో న్యాయశాస్త్రం. ఏ కళాశాలలో ఏ మార్కులు వచ్చాయన్నదాని కంటే, మనుషుల్ని ఎంత దగ్గరగా చూశారన్నదే ఆయన బొమ్మలకు ఆ బలం ఇచ్చింది. చెయ్యి తిరగడం, చూపు నిలపడం రెండూ కలిసి ఎదగాలి. కథకు బొమ్మలు వేయడం మొదలుపెట్టినప్పుడే తనకు ఏ భంగిమ రాదో, ఏ కోణం కుదరదో చిత్రకారులకు తెలిసివస్తుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేసే సాధనకు గురి ఉంటుంది.

పిల్లలకు కావలసింది రాజులు, రాక్షసులు, మాట్లాడే ఏనుగులు; బస్తీలూ బస్టాపులూ వాళ్లకెందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఊహలోకం పిల్లల హక్కు. దాన్ని కాదనే అధికారం ఎవరికీ లేదు. కానీ ఊహ కూడా చూసినదాని మీదే నిలబడుతుంది. చందమామ రాక్షసుడు భయపెట్టాడంటే వాడి గోళ్లూ కండరాలూ కూర్చునే తీరూ నిజమైన ఒంటిని తెలిసినవాళ్లు వేశారు కాబట్టే. మాట్లాడే ఏనుగుకు అలిగిన మొహం పెట్టాలంటే, అలిగిన పిల్లను ముందు చూసి ఉండాలి. ఇంకొక మాట కూడా చెప్పాలి. రాజకుమారుల కథలు చదివే పిల్లలకు తమలాంటి పిల్లలు కథల్లో ఉండటం కూడా తెలియాలి. పక్కవీధి పిల్లల జీవితం ఎలా ఉంటుందో పుస్తకం ద్వారానే మొదట తెలిసే పిల్లలు నగరంలో ఎంతోమంది ఉన్నారు.

మూడో అభ్యంతరం ఇంకా లోతైనది. మనది కాని కులం, మతం, బస్తీ పిల్లల బొమ్మలు మనమెలా వేస్తామని కొందరు నిజాయితీగానే జంకుతారు. అమెరికా చిత్రకారుడు ఎజ్రా జాక్ కీట్స్ ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. 1940లో లైఫ్ పత్రికలో ఒక చిన్న నల్లజాతి అబ్బాయి ఫొటోలు చూసి, వాటిని కత్తిరించి ఆయన దాచుకున్నారు. యూదు కుటుంబంలో పుట్టిన ఆ చిత్రకారుడు వాటిని ఇరవై ఏళ్లకు పైగా అట్టేపెట్టుకుని, 1962లో 'ది స్నోయీ డే' పుస్తకంలో పీటర్ అనే పిల్లాణ్ణి సృష్టించారు. మరుసటి ఏడాదే ఆ పుస్తకానికి, పిల్లల పుస్తకాల బొమ్మలకిచ్చే కాల్డికాట్ పతకం వచ్చింది. బయటివాళ్లు వేయకూడదన్న నియమం ఉంటే ఆ పుస్తకం పుట్టేది కాదు. అయితే అంత ఓపికగా చూడకుండా వేసేసే హక్కు కూడా ఎవరికీ లేదు. వేసినదాన్ని ఆ ఇళ్ల పిల్లలకూ తల్లులకూ చూపించి, 'మా ఇంట్లో ఇలా ఉండదు' అంటే దిద్దుకోవాలి. అలా దిద్దిన పేజీని పోర్ట్‌ఫోలియోలో చేరిస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఎడిటర్‌కు అది బాధ్యత తెలిసిన చిత్రకారుల గుర్తుగానే కనబడుతుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ బస్తీల్లో పుట్టి బొమ్మలు వేసే పిల్లలు తమ పోర్ట్‌ఫోలియోతో రివ్యూ బల్ల దాకా రాగలిగే దారి వేయాలి.

ఇంత శ్రమపడితే తెలుగులో కూడు దొరుకుతుందా అన్న ప్రశ్నను తోసిపుచ్చడం అన్యాయం. తెలుగులో పిల్లల పుస్తకాల మార్కెట్ చిన్నది. బొమ్మలకు ఇచ్చే పారితోషికం మీదే బతకడం కష్టం. కానీ కథ చెప్పే పోర్ట్‌ఫోలియో భాషల హద్దులు దాటుతుంది. చెన్నైలోని తులిక, తారా సంస్థలు, 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్, 1957 నుంచి ఉన్న నేషనల్ బుక్ ట్రస్టు పుస్తకాలు అనేక భాషల్లో వస్తాయి. వాళ్లు చూసేది కూడా వరసనూ పాత్రనూ పరిసరాలనూ. ప్రతిచోటా ఒకేలా ఉండే ముద్దుమొహాల కంటే, తార్నాక బస్టాపును తార్నాక బస్టాపుగా చూపిన బొమ్మకే అక్కడ గుర్తింపు ఎక్కువ. అదే సమయంలో తెలుగు ప్రచురణకర్తలు తమ వంతు చేయాలి. అట్టమీద రచయిత పేరు పక్కన చిత్రకారుల పేరు వేయాలి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. అసలు బొమ్మలు తిరిగి ఇవ్వాలి. పునర్ముద్రణ జరిగితే చిత్రకారులకూ వాటా దక్కాలి.

మాట చెబితే నిమిషంలో బొమ్మ వేసే కృత్రిమ మేధ వచ్చాక ఇదంతా ఎందుకని ఇప్పుడు చాలామంది అడుగుతున్నారు. నునుపైన బొమ్మ ఒకటి తయారుచేయడం ఇక గొప్ప కాదన్న మాట నిజమే. అందుకే బొమ్మ వెనకున్న ఆలోచన విలువ పెరిగింది. ఈ పేజీలో అమ్మ మొహం ఎందుకు చూపించలేదు, ఈ పిల్ల కాళ్లకు చెప్పులు ఎందుకు లేవు, మొదటి రఫ్‌లో ఉన్న చెట్టు చివరి బొమ్మలో ఎందుకు పోయింది? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగలిగినవాళ్లతోనే ఎడిటర్ పుస్తకం చేయగలరు. స్కెచ్ పుస్తకం, డమ్మీ, దిద్దిన రఫ్‌లు పోర్ట్‌ఫోలియోలో ఉండాలని పట్టుబట్టేది ఇందుకే. ఎవరి పనో, ఏ చూపులోంచి పుట్టిందో అవి సాక్ష్యం చెబుతాయి.

చిత్రకారుల నుంచి ఇంత కోరే రివ్యూలకు కూడా కొన్ని బాధ్యతలున్నాయి. ఏం చూస్తారో ముందే ప్రకటించాలి. ప్రతి పోర్ట్‌ఫోలియోకూ కనీసం పావుగంట ఇచ్చి, ఏది బాగుంది, ఏది మారాలి అన్నది రాసి ఇవ్వాలి. బల్లకు అటువైపు చిత్రకారులు, ఎడిటర్లతోపాటు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు కూడా కూర్చోవాలి. పూర్తిచేసిన జంట పేజీలను పిల్లల చేతికిచ్చి, వాళ్లు ఏ కథ చెబుతారో వినాలి. ఇందుకు పెద్ద నిధులు అక్కర్లేదు. ఉస్మానియా ఒక హాలు ఇవ్వగలదు. దాని తెలుగు శాఖ, ఇఫ్లూ విద్యార్థులు చిన్న కథలు సిద్ధం చేయగలరు. జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం, సెంట్రల్ యూనివర్సిటీ తమ విద్యార్థులను పంపగలవు. తార్నాక మొదలుకొని నగరంలోని పిల్లల పుస్తకాల ప్రచురణకర్తలు వచ్చి కూర్చోగలరు. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకు ముందు ఏటా ఒక రోజును ఇందుకు కేటాయించాలని ఈ సంస్థలన్నిటినీ కోరుతున్నాను.

యువ చిత్రకారులు అంతదాకా ఎదురుచూడనక్కర్లేదు. పాత పోర్ట్‌ఫోలియోలోంచి సినిమా నటుడి బొమ్మను ఈరోజే తీసి పక్కన పెట్టండి. మీ వీధిలోని ఒక పిల్లనో పిల్లాణ్ణో, ఒక చిన్న కథనో ఎంచుకుని పదహారు పేజీల డమ్మీ మొదలుపెట్టండి. అది పూర్తయ్యాక మొదట ఆ వీధి పిల్లలకే చూపించండి. వాళ్లు చెప్పింది విని దిద్దుకున్నాకే ఎడిటర్ దగ్గరికి వెళ్లండి.